రాజుగారి కుడిచెయ్యి

హార్మోనియం మస్తాను పొద్దున్నే ఫోన్ చేసి, "గురువుగారు వెళ్ళిపోయారక్కా" అన్నాడు. "ఎక్కడికి?" అన్నాను.

వేళాకోళానికి అన్న మాట కాదది. ఆ మహానుభావుడు వెళ్ళిపోతున్నానని చెప్పడం నేను ఎన్నిసార్లు విన్నానో నాకే గుర్తులేదు. ఒంగోలు వైపు ఊళ్ళలో చెప్పాడు, దాచేపల్లి వైపు చెప్పాడు, మా చిలకలూరిపేటలో అయితే ఏటా చెప్పాడు. నాటకం చివర మైకు ముందుకు వచ్చి, భుజాన గొంగళి అలాగే ఉండగా చేతులు జోడించి, "ఇదే నా చివరి వేషం, ఇక సెలవు" అనేవాడు. జనం కళ్ళు ఒత్తుకునేవారు. కమిటీవాళ్ళు శాలువా కప్పేవారు. మరుసటి ఏడాది అదే ఊరు, అదే వేషం, అదే సెలవు. ఒక ఊళ్ళో ముందు వరసలో కూర్చున్న ముసలావిడ, "పోయినేడు ఏడ్చాను గదయ్యా, మళ్ళీ ఏడవమంటావా?" అని అడిగింది కూడా. అందుకని మస్తాను, "కాదక్కా, నిజంగానే పోయారు. నిద్రలోనే పోయారంట" అన్నదాకా నాకు నమ్మకం కుదరలేదు.

అప్పుడు నేను మా తమ్ముడి కల్లంలో కూర్చుని ఎండు మిరపకాయల్లోంచి తెల్లబడ్డ తాలుకాయలు ఏరుతున్నాను. ఫోన్ పెట్టేశాక కూడా ముందున్న కుప్ప అయ్యేదాకా లేవలేదు. ఏడుపు రాలేదు. రాలేదని నాకు బెంగ కూడా కలగలేదు.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాస్తే అది ఆయనకు ఇంకో వాల్‌పోస్టరు అవుతుంది. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పద్యనాటకం అంటే పనులు మానుకుని వచ్చే వాళ్ళందరికీ ఆయన ఎవరో తెలుసు. తెలియని వాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. ఆడిన మాట కోసం రాజ్యాన్నీ ఆలుబిడ్డల్నీ పోగొట్టుకుని, చివరికి శ్మశానంలో కాటికాపరిగా చేరిన రాజు నాటకం మా వైపు ఆడని ఊరు లేదు. ఆ నాటకానికి మా దగ్గర ఒక్క రాజు చాలడు. ముగ్గుర్ని పిలుస్తారు. సభలో ఒకటో రాజు, అడవిలో రెండో రాజు, కాటి సీనుకి మూడో రాజు. ఒకే కథలో రాజు మూడుసార్లు మనిషి మారిపోయినా మా జనానికి ఏ ఇబ్బందీ లేదు. వాళ్ళు వచ్చేది కథ కోసం కాదు, గొంతు కోసం. మా గురువుగారు మూడో రాజు. మొదటి ఇద్దరూ చెమటోడ్చి జనాన్ని కూడగట్టి పెడితే, కాటి సీను టైముకి కారు దిగి, కూడిన జనం ముందు పాడి, కారెక్కి వెళ్ళేవాడు. ఒకటో రాజు ఎవరో, రెండో రాజు బతికున్నాడో లేదో ఆయన ఏనాడూ అడగలేదు.

నేను కాటి సీనులో రాణిని. పాము కరిచి చనిపోయిన కొడుకును మోసుకుని వచ్చే రాణిని. ఆయన పక్కన ముప్పై ఏళ్ళకు పైగా ఆ వేషం వేశాను.

ఆయన గొంతు మాత్రం గొప్పది. ఆ మాట కాదంటే నేను అబద్ధాలకోరును అవుతాను. పై స్థాయిలో రాగం అందుకుంటే, చివర్న మిరపకాయ బజ్జీలు వేసే వాడు కూడా గరిటె ఆపేవాడు. నా మంట అంతా అదే. అలాంటి గొంతు ఇలాంటి మనిషికి ఎందుకు ఇచ్చాడా అని ఆ దేవుడి మీద కూడా నాకు కోపమే.

ఆ గొంతుకు ఆయన చేసుకునే సేవలు చూసి తీరాలి. రోహిణి ఎండల్లో ఒంగోలు బస్టాండులో కాకులు నోళ్ళు తెరుచుకుని కూర్చున్నప్పుడు కూడా ఆయన మెడకి ఉన్ని మఫ్లరు. చేతిలో ఫ్లాస్కు, దాంట్లో మిరియాలు వేసిన వేడినీళ్ళు. అవి వేరే ఎవరూ తాగకూడదు. మూత కూడా ముట్టుకోకూడదు. మిరప పండే నేల మీద పుట్టి, మిరప రైతుల విరాళాలతో బతుకుతూ, కారం ముట్టనివాడు ఆయన ఒక్కడే. ఏ ఊరు వెళ్ళినా ఆయనకు చప్పిడి పప్పు వేరే వండాలి. కాయలు కోసి కోసి చేతులు మండుతున్న ఆడవాళ్ళు వడ్డిస్తుంటే, "ఏమిటర్రా మీ ఊరి గాలే ఘాటుగా ఉంది, కల్లాలు ఊరికి దూరంగా పెట్టుకోకూడదా?" అని విసుక్కునేవాడు. ఆ ఘాటే ఆయనకి కారు కొనిపెట్టిందని ఆ ఆడవాళ్ళలో ఒక్కరూ అనలేదు. నవ్వి, ఇంకాస్త నెయ్యి వేశారు.

శాలువాల సంగతి ఇంకోటి. కప్పుతుండగానే అంచు రెండు వేళ్ళతో నలిపి చూసేవాడు. జనానికి అది పరవశంలా కనిపించేది. బట్ట నాసిరకం అయితే ఆ రోజు సెలవు ప్రసంగం పొట్టి. దాచేపల్లి దగ్గర ఒక ఊళ్ళో కమిటీవాళ్ళు శాలువా సంగతే మర్చిపోయారు. ఆయన తెర వెనక నుంచి తన డ్రైవరు కోటయ్యను కారు దగ్గరికి పంపించాడు. డిక్కీలో పోయిన ఊరి శాలువా ఉంది. కోటయ్య దాన్ని తెచ్చి రహస్యంగా ప్రెసిడెంటు చేతిలో పెట్టాడు. ప్రెసిడెంటు దాన్ని తెచ్చి ఈయనకి కప్పాడు. ఈయన కన్నీళ్ళు పెట్టుకుని, "మీ ఊరి అభిమానం మరువలేను" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. కొడుకు చచ్చిన రాణిని గనక నవ్వడానికి లేకపోయింది.

కోటయ్యకు కారు నడపడం ఒక్కటే పని కాదు. జనంలో మూడో వరసలో కూర్చుని, గురువుగారి పద్యం అవగానే "వన్స్‌మోర్" అని అరవడం కూడా అతని ఉద్యోగమే. మా నాటకాల్లో వన్స్‌మోర్ అంటే చిన్న విషయం కాదు. జనం ఆ మాట అంటే కథ ఎక్కడున్నా ఆగాల్సిందే, పద్యం మళ్ళీ మొదటి నుంచి పాడాల్సిందే. ఎన్ని వన్స్‌మోర్లు వచ్చాయనేదే నటుడి విలువ. జనం ఎలాగూ అరుస్తారు, ఆయన గొంతు అలాంటిది. అయినా ఆయనకి వాళ్ళ మీద నమ్మకం లేదు. ముందు ఒకడు అందుకోవాలి.

ఇక ఆయన చెయ్యి సంగతి.

కాటి సీనులో రాణికి ఒకే ఒక్క పెద్ద పద్యం ఉంది. కొడుకును ఒళ్ళో పెట్టుకుని ఏడ్చే పద్యం. నాలుగు పాదాలు. మొదటి మూడు పాదాల్లో రాణి బిడ్డని లేవమని బతిమాలుతుంది, పాముని తిడుతుంది, తన రాతని తిడుతుంది. నాలుగో పాదంలో మొగుణ్ణి తలుచుకుంటుంది. ఆ మొగుడే నాలుగడుగుల దూరంలో కాటికాపరి వేషంలో నిలబడి ఉన్నాడని ఆమెకు తెలియదు. పద్యానికి ప్రాణం అక్కడుంది. మా నాన్న నాకు ఆ పాదం ఒక్కటే ఒక వేసవి అంతా నేర్పాడు.

గురువుగారి పక్కన నేను ఆ పాదం ఏనాడూ పాడలేదు. మూడో పాదం ముగుస్తుండగా ఆయన కుడిచెయ్యి లేచేది. చూసేవాళ్ళకి అది కాటికాపరి ఏడుస్తున్న ఆడదాన్ని ఆపుతున్నట్టు ఉండేది. ఆహా ఏం నటన అని మెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు. నిజానికి అది హార్మోనియం దగ్గరున్న మస్తానుకి సైగ. ఆ చెయ్యి లేస్తే మస్తాను నా శృతి వదిలేసి ఆయన శృతికి మారిపోవాలి. కాళ్ళ కింద నేల లాగేసినట్టు నా గొంతు గాల్లో ఉండిపోయేది. ఈలోగా ఆయన రాగం అందుకునేవాడు. మస్తానుని తప్పు పట్టను. అతనికి నలుగురు పిల్లలు. ఆయన వద్దంటే అతనికి ఆ చుట్టుపక్కల ఎక్కడా హార్మోనియం పెట్టె తెరిచే పని ఉండదు.

వేరే రాజుల పక్కన ఆ పద్యం మొత్తం పాడాను, కాదనను. చిన్న చిన్న పల్లెల్లో, మైకు సరిగ్గా పలకని చోట, పాడాను. కానీ మా పేటలో తిరునాళ్ళకి వచ్చేది ఎప్పుడూ ఈయనే. నన్ను ఎరిగినవాళ్ళంతా చూసేది ఆ నాటకమే. ఒకసారి కూరగాయల బజారులో ఒకావిడ, "ఏమ్మా, ఆ పద్యం చివరి ముక్క నీకు రాదా? మరిచిపోతావా?" అని జాలిగా అడిగింది. దొండకాయలు అక్కడే వదిలేసి వచ్చేశాను.

ఆ మాట కడుపులో పెట్టుకుని, ఆ మరుసటి నాటకానికి ఒంగోలు వెళ్ళినప్పుడు మధ్యాహ్నం ఆయన దిగిన లాడ్జికి పోయాను. చప్పిడి పప్పు అన్నం తింటున్నాడు.

"గురువుగారూ, ఒక్క మాట" అన్నాను.

"కూర్చో అమ్మాయ్."

"నా పద్యం నాలుగో పాదం కూడా పాడనివ్వండి. ఎక్కువసేపు పట్టదు. రాగం తీయను."

ఆయన ముద్ద నమిలి మింగాడు. తర్వాత ఎంతో ప్రేమగా అన్నాడు. "అమ్మాయ్, జనం నా కోసం వచ్చారు. నీ ఏడుపు చాలా బాగుంటుంది. నువ్వు ఏడువు చాలు. పాడటం నాకొదిలెయ్."

"ఏడుపు కూడా పద్యంలోనే ఉంది గదండీ."

"ఉంటే ఉండనీయవే. నాలుగో పాదంలో నువ్వు మొగుణ్ణి తలుచుకుని జనాన్ని ఏడిపించేస్తే, తర్వాత నేనొచ్చి ఏం చెయ్యాలి? తుడవాలా?" అని నవ్వి, ఫ్లాస్కు మూతలో నీళ్ళు వంపుకున్నాడు.

ఆ నవ్వు నాకు మేలే చేసింది. అప్పటిదాకా ఆయనకి ఆ పాదం విలువ తెలియదేమో అనుకునేదాన్ని. తెలిసే ఆపుతున్నాడని ఆ రోజు అర్థమైంది. అలిగి మానేయొచ్చు. మానేస్తే సాయంత్రానికి ఇంకో రాణి దొరుకుతుంది. ఆమెకీ మూడు పాదాలే.

ఆ తర్వాత కొన్నాళ్ళకి కోటయ్య కొంప ముంచాడు. అంతకుముందు రెండు ఊళ్ళు వరసగా కారు నడిపి అలిసిపోయి ఉన్నాడు. మూడో వరసలో కూర్చుని కునుకు తీశాడు. నేను మూడో పాదం ముగిస్తున్నాను, గురువుగారి చెయ్యి లేచింది, శృతి మారే చప్పుడుకి కోటయ్యకు మెలకువ వచ్చింది. ఏ పద్యం అయిందో ఎవరిదో చూసుకోలేదు. ఉద్యోగం గుర్తొచ్చి గట్టిగా "వన్స్‌మోర్" అన్నాడు. అతని వెనక నలుగురు అన్నారు. వాళ్ళ వెనక ఊరంతా అంది. జీవితంలో మొదటిసారి, మా పేట తిరునాళ్ళలో, నా పద్యానికి వన్స్‌మోర్.

మళ్ళీ మొదటి నుంచి పాడాలి. అది ఆనవాయితీ, దాన్ని ఎవరూ కాదనలేరు. ఈసారి నాలుగో పాదం దాకా పోతానని ఊపిరి తీసుకున్నాను.

గురువుగారు ఇంకోసారి చెయ్యెత్తాడు. ఈసారి జనం వైపు. "ఓ ఇల్లాలా, వన్స్‌మోర్ దాకా శవం ఆగేట్టు లేదు గాని, ముందు కాటి సుంకం కట్టు" అన్నాడు.

జనం గొల్లుమని నవ్వారు. పిల్లలు, పెద్దలు, కమిటీవాళ్ళు అందరూ. ఒళ్ళో చచ్చిన కొడుకుతో నేను అలా కూర్చునే ఉన్నాను. చచ్చిన బిడ్డ అంటే గుడ్డలు చుట్టిన బొమ్మే, కాదనను. కానీ నాటకం మొదలైనప్పటి నుంచీ వాడు నా కొడుకు. ఆ నవ్వులో వాడు మళ్ళీ బొమ్మ అయిపోయాడు. ఆయన రాగం అందుకున్నాడు. అమ్మా, ఎంత బాగా పాడాడో ఆ రోజు. అందుకే ఆయన్ని నేను క్షమించలేదు. ఆయన అడగలేదు కూడా, ఆ సంగతి వేరు.

కోటయ్యను మర్నాడు బస్సెక్కించాడు. కారు తాళాలు లాక్కుని, "నిద్రపోయేవాడికి నా దగ్గర పనిలేదు" అన్నాడట. కోటయ్య స్పిన్నింగు మిల్లులో కాపలా పనికి కుదిరాడు. ఎక్కడైనా కనిపిస్తే మొహం పక్కకు తిప్పుకునేవాడు. ఆ రోజు నాకు జరిగిన అవమానానికి తనే కారణమని అతని బాధ. చెయ్యెత్తినవాడు మాత్రం హాయిగా ఉన్నాడు.

వయసు మీద పడ్డాక గురువుగారి గొంతు కిందికి దిగింది. ఒక్కో ఏడాది ఒక్కో మెట్టు శృతి తగ్గించుకుంటూ వచ్చాడు. తప్పు ఆయనది కాదు, మైకులది. మైకులవాళ్ళని తిట్టని తిట్టు లేదు. రాగం సగంలో తెగిపోతే దగ్గుతో కప్పేసి, ఈ ఊళ్ళో దుమ్ము అనేవాడు. చేతిలో మాత్రం జబ్బు ఏమీ లేదు. మూడో పాదానికి టంచనుగా లేచేది.

ఆఖరిసారి ఆయన్ని చూసింది ఒక కళ్యాణ మండపంలో జరిగిన సన్మానంలో. ఎండాకాలం మధ్యాహ్నం, ఏసీ చాలడం లేదు, మెడకి మఫ్లరు మాత్రం ఉంది. దండలన్నీ అయ్యాక మైకు తీసుకుని, నన్ను స్టేజీ మీదకి పిలిచి, భుజం మీద చెయ్యి వేసి, "ఈ అమ్మాయికి పద్యం పలకడం నేర్పింది నేనే. పాపం, మూడు పాదాలు దాటి గుర్తుండేది కాదు, నేనే సర్దుకునేవాణ్ణి" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. మా నాన్న పోయి అప్పటికి చాలా ఏళ్ళు. ఆయన ఉంటే ఏమనేవాడో గాని, నేను మాత్రం భుజం మీద చెయ్యి తీసి పక్కన పెట్టి మెట్లు దిగి వచ్చేశాను. మళ్ళీ ఆయన పక్కన వేషం వెయ్యలేదు. అప్పటికి నాటకాలు కూడా తగ్గిపోయాయి.

మస్తాను ఫోన్ చేశాక వెళ్ళాలా వద్దా అని చాలాసేపు ఊగాను. మా తమ్ముడు, "నువ్వు వెళ్ళకపోతే నలుగురూ ఏమనుకుంటారక్కా" అన్నాడు. నలుగురి కోసం కాదు గాని, ఆ మనిషి నిజంగా పోయాడా అన్నది కళ్ళారా చూడాలనిపించింది.

వీధి మొదట్లోనే ఫ్లెక్సీ. బిరుదులన్నీ వేశారు. ఆయనకి ఆ బిరుదులు ఇచ్చిన సంస్థల్లో సగానికి ఆయనే ప్రెసిడెంటు. వాకిట్లో అద్దాల ఐసు పెట్టె, దాని మీద దండలు. పక్కన స్పీకరులో ఆయన పాత పద్యాలు. వచ్చినవాళ్ళు పెట్టె చుట్టూ తిరిగి, ఫోన్లతో ఫోటోలు తీసుకుని, పక్కకి పోయి కాఫీ తాగుతున్నారు.

మా వాళ్ళలో ఎవరైనా పోతే, శవం ఎత్తకముందు తోటి కళాకారులు తలా ఒక పద్యం పాడాలి. అది మా మర్యాద. ఆ జిల్లా ఈ జిల్లా నాటకాల రాజులు, దొరలు, మంత్రులు అందరూ ప్యాంట్లూ చొక్కాలతో నిలబడి ఆయన పద్యాలే పాడారు. వాళ్ళలో ఒకప్పటి ఒకటో రాజూ ఉన్నాడు, రెండో రాజూ ఉన్నాడు. గురువుగారి పెద్దకొడుకు నా దగ్గరికి వచ్చి, "అత్తా, మీరూ ఒకటి పాడండి. నాన్న పక్కన ఎక్కువ కాలం వేసింది మీరే" అన్నాడు. పక్కనున్నవాడు, "గురువుగారి పద్యమే పాడమ్మా, బాగుంటుంది" అని సలహా ఇచ్చాడు.

నేను పెట్టె దగ్గరికి వెళ్ళి కింద కూర్చున్నాను. మస్తాను గోడకి ఆనుకుని హార్మోనియంతో ఉన్నాడు. మనిషి వంగిపోయాడు.

"మస్తానూ, నా శృతి పెట్టు" అన్నాను.

పెట్టాడు. పెట్టి, అలవాటు కొద్దీ ఐసు పెట్టె వైపు చూశాడు.

రాణి పద్యం అందుకున్నాను. మొదటి పాదం, రెండో పాదం. నా గొంతు కూడా దిగిందిగాని, పలుకు ఎక్కడా తడబడలేదు. మూడో పాదం ముగుస్తుంటే మస్తాను వేళ్ళు ఆగాయి. నిజంగానే ఆగాయి. హార్మోనియం మీద ఆయన శృతి మెట్ల వైపు సగం జరిగి, అక్కడ నిలబడి, మళ్ళీ వెనక్కి వచ్చి నా శృతిలో ఉండిపోయాయి. తలొంచుకుని ఏడుస్తున్నాడు. నేను నాలుగో పాదం పాడాను. మొగుడు ఎక్కడున్నాడో తెలియని ఆడది మొగుణ్ణి తలుచుకునే పాదం. నాన్న నేర్పినట్టు, తొందర లేకుండా, చివరి అక్షరం దాకా. పెట్టెలో ఆయన గారు నా పద్యం పూర్తిగా వినడం అదే మొదటిసారి.

పాడటం అయింది. ఆడవాళ్ళు కొంగులు మొహానికి పెట్టుకున్నారు. అప్పుడు వెనక అరుగు మీద నుంచి ఒక గొంతు వినిపించింది.

"వన్స్‌మోర్."

అందరూ అటు తిరిగారు. కోటయ్య. మిల్లు కాపలా యూనిఫాంలోనే వచ్చాడు. గోడ పట్టుకుని లేచి నిలబడి, నా వైపే చూస్తున్నాడు. ఈసారి నిద్రలో లేడు.

"ఏందయ్యా కోటయ్యా, ఇదేమన్నా తిరునాళ్ళ అనుకున్నావా?" అని పెద్దకొడుకు కసిరాడు. ఎవరో అతన్ని కూర్చోబెట్టబోయారు. కోటయ్య కూర్చోలేదు.

నేను గురువుగారి చేతి వైపు చూశాను. ముప్పై ఏళ్ళ అలవాటు, చూడకుండా ఉండలేకపోయాను. అద్దం కింద, బంతిపూల మధ్య, ఆ కుడిచెయ్యి ఎడమచేతితో కలిసి గుండెల మీద ఉంది. బొటనవేళ్ళు రెండూ తెల్లగుడ్డ పీలికతో కట్టేసి ఉన్నాయి.

"మస్తానూ, మళ్ళీ మొదటి నుంచి" అన్నాను.